సామ్ బర్జెస్, జేమ్స్ గ్రాహమ్: ఎవరి కెరీర్ మేలు?

ఇద్దరూ ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా వెళ్ళి పేరు తెచ్చుకున్న రగ్బీ లీగ్ (జట్టుకి 13 మంది ఆడే రగ్బీ) ఫార్వర్డ్‌లే, అంటే ముందు వరసలో ఢీకొట్టే ఆటగాళ్ళే. మెరుపులు చూసేవాళ్ళకి బర్జెస్ నచ్చుతాడు, నా ఓటు మాత్రం గ్రాహమ్‌కే.

2014 ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ) ఫైనల్లో మొదటి టాకిల్‌లోనే ఈ ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. బర్జెస్ చెంప ఎముక విరిగింది. అయినా 80 నిమిషాలూ మైదానం వదల్లేదు. అతని జట్టు సౌత్ సిడ్నీ 30-6తో గెలిచింది, ఉత్తమ ఆటగాడి పతకం కూడా అతనిదే. ఓడింది గ్రాహమ్ ఆడిన కాంటర్‌బరీ.

అక్కడితో ఆగితే బాగుండేది. బర్జెస్ రగ్బీ యూనియన్‌కి (జట్టుకి 15 మంది ఆడే వేరే రగ్బీ) మారాడు. బాత్ క్లబ్ ఫార్వర్డ్‌గా ఆడించింది, ఇంగ్లండేమో సెంటర్‌లో (వెనక వరసలో) దింపింది. 2015 ప్రపంచకప్‌లో ఆతిథ్య జట్టు గ్రూప్ దశలోనే ఇంటిదారి పడితే, నింద చాలావరకు ఇతని నెత్తిన రుద్దారు (అన్యాయమే). మళ్ళీ సౌత్ సిడ్నీకి వచ్చాడు కానీ, భుజం గాయంతో 2019లో, 30 ఏళ్ళకే ఆట మానేయాల్సి వచ్చింది.

గ్రాహమ్ ఆట మార్చలేదు. 2008లో మ్యాన్ ఆఫ్ స్టీల్ (ఇంగ్లండ్ సూపర్ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడు) అయ్యాడు గానీ, అతని క్లబ్ సెయింట్ హెలెన్స్ 2007 నుంచి వరసగా అయిదు ఫైనల్స్ ఓడింది. 2020లో అదే జట్టుకి తిరిగొచ్చాడు. ఆఖరి మ్యాచ్ విగన్‌తో ఫైనల్: సమయం ముగిసినట్టు హూటర్ మోగాక పడిన ట్రైతో (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకి ఆనించడం) 8-4 గెలుపు.