‘డెంటల్ ఫోటోగ్రఫీ కాంబో కిట్’ కొనబోతున్న డాక్టర్లూ, కాస్త ఆగండి

ఒంగోలు, నెల్లూరు వైపు ప్రాక్టీసు చేస్తూ కెమెరా పిచ్చి కూడా ఉన్న డెంటిస్టుల కోసం ఇది రాస్తున్నాను. మన డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక కాంబో కిట్ ప్రకటన తిరుగుతోంది. చిన్నవాటిని దగ్గరగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్, రింగ్ ఫ్లాష్, నోట్లో పెట్టే అద్దాలు, బుగ్గల్ని పక్కకు లాగిపట్టే చీక్ రిట్రాక్టర్లు, మెరుపు తగ్గించే పోలరైజర్, పైగా ఒక వీడియో కోర్సు, అన్నీ కలిపి 60 వేల లోపే. వారమంతా క్లినిక్‌లో పళ్లు, ఆదివారం నల్లమలలో సీతాకోకచిలుకలు, రెండిటికీ ఒకటే లెన్స్ అని ఊరిస్తారు. నిజానికి మంచి మాక్రో లెన్స్ ఆ రెండు పనులూ చేస్తుంది. నేను కొంటే నాకు పంపింది మాత్రం అలాంటిది కాదు.

అన్నిటికన్నా పెద్ద మోసం లైటు దగ్గరే. పెట్టె మీద ‘మాక్రో రింగ్ ఫ్లాష్’ అని ఉంది. లోపల ఉన్నది చిన్న చిన్న ఎల్‌ఈడీ బల్బుల చక్రం, ఫ్లాష్ ట్యూబే లేదు. నోటి లోపలి ఫోటోకు మనం పెట్టే సెట్టింగులు తెలిసినవే కదా: లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్22, సెన్సార్ సున్నితత్వం ఐఎస్ఓ 200, సెకనులో 125వ వంతు. వాటితో క్లిక్ చేస్తే తెర మీద రిట్రాక్టర్ అంచు మెరుపు తప్ప అంతా నలుపే. రంధ్రం పెద్దది చేసి ఎఫ్4కి తెస్తే వెలుతురు వచ్చింది గానీ, ముందు పళ్లు మాత్రమే స్పష్టంగా ఉండి కోరపన్ను నుంచి వెనక్కి అంతా మసక. ఐఎస్ఓ 6400కి పెంచితే ఎనామెల్ మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్. ఫోన్ చేస్తే, “సెట్టింగులు మార్చి చూడండి డాక్టర్ గారూ, మిగతా సార్లందరూ హ్యాపీగా వాడుతున్నారు” అన్నాడు అమ్మినతను.

అందుకే ముందుగా ‘గైడ్ నంబర్ ఎంత?’ అని అడగండి. ఫ్లాష్ బలం చెప్పే లెక్క అది, అసలైన ఫ్లాష్‌కు ఉంటుంది. జవాబుగా వాట్లు, బల్బుల సంఖ్య చెప్తే అది ఫ్లాష్ కాదు, బేరం అక్కడితో ఆపేయండి.

ఇక లెన్స్. దాని మీద ‘మాక్రో’ అని బంగారు రంగు అక్షరాలు ఉన్నాయి. నమ్మకం కుదరక స్టీలు స్కేలు పెట్టి, లెన్స్ ఎంత దగ్గరగా ఫోకస్ చేయగలదో అంత దగ్గర నుంచి ఫోటో తీశాను. నిజంగా 1:1 లెన్స్ (వస్తువు సెన్సార్ మీద అసలు సైజులోనే పడేది) అయితే, సెన్సార్ చిన్నదిగా ఉండే కానన్ క్రాప్ కెమెరాలో అడ్డంగా సుమారు 22 మిల్లీమీటర్లే పట్టాలి, ఫుల్ ఫ్రేమ్‌లో అయితే 36. నా క్రాప్ కెమెరాలో దాదాపు 45 కనిపించాయి, అంటే 1:2, సగం సైజే. పాతకాలపు డిజైన్లలో కొన్నిటికి ముందు ఒక జోడు గ్లాసు బిగిస్తేనే 1:1 వస్తుంది. ఆ గ్లాసు పెట్టెలో లేదు. స్మైల్ ఫోటోకు, మొత్తం ఆర్చ్‌కు (పళ్ల వరుసకు) 1:2 చాలు, ఆ మాట ఒప్పుకుంటాను. ఒక్క పన్ను అంచున గీత చూపించాలన్నా, సీతాకోకచిలుక రెక్క మీద పొలుసులు తీయాలన్నా చాలదు. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ కూడా లేదు. దిగుమతి సరుకు ప్యాకెట్ మీద అవి ఉండాలని రూలు. లేకపోతే అది దొడ్డిదారిన వచ్చిన సరుకని, ఇక్కడ కంపెనీ వారంటీ దొరకదని అనుకోవచ్చు.

మన ప్రాంతానికి పోలరైజర్ సంగతి మరీ ముఖ్యం. కనిగిరి వైపు నుంచి, ఉదయగిరి మెట్ట నుంచి వచ్చే ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు మచ్చలు) కేసుల్లో తెల్ల మచ్చ ఎంతవరకు పాకిందో మామూలు ఫ్లాష్ మెరుపులో తెలియదు. క్రాస్ పోలరైజేషన్‌తో మెరుపు పోయి, మచ్చ అంచు తేటగా కనబడుతుంది. దానికి లైటు ముందు ఒక ఫిల్టరు, లెన్స్ ముందు ఇంకొకటి, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉండాలి. కిట్‌లో వచ్చింది లెన్స్‌కు పెట్టే ఒక్కటే. రెండోది అడిగితే “అది ప్రో కిట్‌లో వస్తుంది సార్” అన్నాడు. రెండు ఫిల్టర్లూ పెడితే వెలుతురు బాగా తగ్గిపోతుంది. కాబట్టి రెండోది ఇచ్చినా ఆ ఎల్‌ఈడీ చక్రంతో పనికాదు.

అద్దాలు పరీక్షించడం తేలిక. పళ్లు పరీక్షించే సూది లాంటి ప్రోబ్ కొనను అద్దానికి ఆనించండి. కొనా, దాని ప్రతిబింబమూ ఒకదానికొకటి తాకితే పైపూత ఉన్న ఫోటోగ్రఫీ అద్దం. మధ్యలో సందు కనిపిస్తే వెనక పూత వేసిన మామూలు అద్దం, పళ్లు నమిలే వైపు తీసే ఆక్లూసల్ ఫోటోలో ప్రతి కస్ప్‌కూ (పన్ను మీది మొనకూ) పక్కన ఒక నీడ బొమ్మ పడుతుంది. నాకు వచ్చినవి సందువే. రిట్రాక్టర్ల మీద ‘ఆటోక్లేవబుల్’ (వేడి ఆవిరితో శుద్ధి చేయవచ్చు) అని అచ్చు వేసి ఉంది. 134 డిగ్రీల సైకిల్‌లో పెడితే వంకర్లు తిరిగి బయటికొచ్చాయి. వీడియో కోర్సు లింకు ఇప్పుడు తెరుచుకోవడమే లేదు, దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

వాపసు అడిగితే మొదట “సీలు తీశారు, హైజీన్ ఐటమ్” అన్నారు. తర్వాత, సరిగ్గా రాని ఫోటోలు వాట్సాప్‌లో పంపమన్నారు. ఇక్కడ జాగ్రత్త! పేషెంటు నోటి ఫోటోలు ముక్కూ మొహం తెలియని వాళ్లకు పంపకండి. నేను టైపోడాంట్ మోడల్‌ను (నకిలీ పళ్ల సెట్టును) తీసి పంపాను. పంపాక జవాబులు ఆగిపోయాయి.

ఇప్పుడు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. నెల్లూరు వాళ్లకు నెల్లూరులోనే ఉంది. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే చోటే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. బిల్లు క్లినిక్ పేరు మీద ఉంటే ‘వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కాదు’ అని ఎదుటి లాయరు అడ్డం పడవచ్చు. సొంతంగా పనిచేసుకుంటూ జీవనోపాధి కోసమే కొన్న వస్తువుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది, ఆ మాట ఫిర్యాదులోనే రాయండి. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసుకుంటే మంచిది.

నన్నడిగితే కాంబో మాటే వద్దు, విడివిడిగా కొనండి. కానన్ 100 ఎంఎం ఎఫ్2.8, నికాన్ ఏఎఫ్-ఎస్ 105, టామ్రాన్ 90 ఎఫ్2.8, ఇవన్నీ నిఖార్సైన 1:1 మాక్రోలు. సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు, కానీ మన సముద్రపు గాలికి లెన్స్‌లో ఫంగస్ పట్టేస్తుంది. టార్చ్ వేసి లోపల సాలెగూడు లాంటి పోగులు ఉన్నాయేమో చూశాకే డబ్బులివ్వండి. నికాన్ 3000, 5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ అంటగడితే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. పళ్లకు ఎలాగూ చేత్తోనే తిప్పుతాం, ఎగిరే తూనీగతోనే వస్తుంది చిక్కంతా.

ఆ కిట్ ఇప్పుడు వేరే పేరుతో మళ్లీ గ్రూపుల్లోకి వచ్చింది, ఫోటోలు మాత్రం పాతవే: నీలం గుడ్డ మీద పరిచిన సామాను, రింగ్ లైటు ఆన్ చేసి ఉంటుంది, లెన్స్ మీద బంగారు అక్షరాలు. మీ గ్రూపులో కనబడితే అడ్మిన్‌కు చెప్పి తీయించండి.