ఏఐ తప్పుకు జవాబుదారు ఎవరు: యంత్రమా, తయారుచేసినవాళ్లా, కొలువులో పెట్టినవాళ్లా?

"సిస్టమ్ తీస్కుంటలేదు" అన్న మాట మీసేవ కౌంటర్ దగ్గర వినని మనిషి వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు దొరకడు. ఇప్పుడా సిస్టమ్‌లో ఏఐ కూడా చేరింది. అర్హుల జాబితాల వడపోత, బ్యాంకు లోన్ స్కోరు, ఇన్సూరెన్స్ క్లెయిము, ఫొటో చూసి పత్తి తెగులు పేరు చెప్పే యాప్, అన్నింట్లోనూ ఉంది. అది తప్పు చెబితే ఎవరిని పట్టుకోవాలని చాలామంది అడుగుతున్నారు. వినిపించే జవాబులు నాలుగు: యంత్రమే, దాన్ని తయారుచేసిన కంపెనీ, దాన్ని తెచ్చి పనిలో పెట్టిన సంస్థ, తెర ముందు కూర్చున్న ఉద్యోగి.

యంత్రం సంగతి ముందు తేల్చేద్దాం. స్వయంగా నిర్ణయాలు తీసుకునే రోబోలకు మున్ముందు "ఎలక్ట్రానిక్ వ్యక్తి" హోదా ఇచ్చే విషయం పరిశీలించమని యూరోపియన్ పార్లమెంటు 2017 ఫిబ్రవరిలో తీర్మానం చేసింది. మరుసటి ఏడాదే 150 మందికి పైగా నిపుణులు దాన్ని వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖ రాశారు. వాళ్లదే సరైన మాట. ఒకరిని తప్పు పట్టాలంటే తాను చేస్తున్నదేమిటో ఆ ఒక్కరికి తెలియాలి, కారణం చెబితే మనసు మార్చుకోగలగాలి, జరిగిన నష్టం తనకు తగలాలి. నేటి ఏఐకి ఈ మూడూ ఉన్నాయని చెప్పడానికి ఆధారం లేదు. క్షమించమని అది రాసే వాక్యం కూడా లెక్క కట్టి పేర్చిన మాటలే. దానికి జప్తు చేయడానికి ఆస్తి లేదు, పోవడానికి పరువు లేదు. కెనడాలో ఒక ప్రయాణికుడికి ఎయిర్ కెనడా విమాన సంస్థ చాట్‌బాట్ (ప్రశ్నలకు జవాబులు రాసే ప్రోగ్రామ్) టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. తన మాటలకు చాట్‌బాటే బాధ్యురాలన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, సుమారు 812 కెనడా డాలర్లు కట్టించింది. యంత్రం మీద నేరం మోపితే నిజంగా బయటపడేది ఎవరో ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి.

తయారీదారు మీద పెట్టడానికి బలమైన కారణాలున్నాయి. మన వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఉత్పత్తి బాధ్యత మీద ప్రత్యేక అధ్యాయమే ఉంది. లోపం ఉన్న వస్తువు నష్టం చేస్తే తయారీదారు, సేవ అందించినవారు, అమ్మినవారు ఎవరెవరు ఎప్పుడు బాధ్యులో అందులో విడివిడిగా రాశారు. యూరప్ 2024లో తెచ్చిన ఉత్పత్తి బాధ్యత నిబంధనల్లో సాఫ్ట్‌వేర్‌ను కూడా వస్తువుగా లెక్కించారు.

పత్తి యాప్‌నే చూడండి. ఆకు ఎర్రబడటానికి రెండు మామూలు కారణాలుంటాయి. మెగ్నీషియం లోపమైతే ఈనెలు పచ్చగానే ఉండి, మధ్య భాగం ఎర్రబడుతుంది. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తే సరిపోతుంది. పచ్చదోమైతే ఆకు అంచులు కిందికి ముడుచుకుని, ముందు పసుపు, తర్వాత ఎరుపు తిరుగుతాయి. దానికి పురుగుమందు కావాలి. మంచి వెలుతురులో తీసిన శుభ్రమైన ఫొటోలతోనే శిక్షణ ఇచ్చిన మోడల్‌కు, అంటే యాప్‌లోని ఏఐకి, సాయంత్రం పూట దుమ్ము పట్టిన ఆకును పాత ఫోన్‌తో తీసి చూపిస్తే, ఈనెల రంగు, అంచు ముడత రెండూ దొరకవు. ఈ సంగతి పరీక్షల్లో తెలిసీ కంపెనీ చెప్పకపోతే తప్పు పూర్తిగా దానిదే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, డేటా నుంచి తనంతట నేర్చుకునే యంత్రం ప్రతి సందర్భంలో ఏం చేస్తుందో తయారీదారు ముందే చెప్పలేడు. ఆండ్రియాస్ మథియాస్ అనే తత్వవేత్త 2004లోనే దీన్ని బాధ్యతలో ఏర్పడే ఖాళీ అన్నాడు. పైగా అదే మోడల్ ఒక చోట సలహాకు, ఇంకో చోట రేషన్ కార్డు కోతకు వాడతారు. లోపం మోడల్‌లోనే ఉందని నిరూపించే భారం నర్సంపేట రైతు మీద పడితే ఆ కేసు మొదటి వాయిదా కూడా దాటదు.

తెర ముందు ఉద్యోగిది నాలుగో జవాబు. వినడానికి న్యాయంగా ఉంటుంది, ఆచరణలో అన్నిటికన్నా అన్యాయం ఇదే. గుద్దుకున్నప్పుడు కారు ముందుభాగం నుజ్జయి లోపలివాళ్లను కాపాడినట్టు, కింది ఉద్యోగి నుజ్జయి పైవాళ్లను కాపాడతాడని పరిశోధకురాలు మాడలిన్ ఎలిష్ రాసింది. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో ఉబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు ఢీకొని, రోడ్డు దాటుతున్న మహిళ చనిపోయింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. స్టీరింగ్ ముందున్న ఉద్యోగిని మాత్రం 2023లో నేరం ఒప్పుకుని మూడేళ్ల ప్రొబేషన్ శిక్ష పొందింది. ఆమె తప్పు లేదనడం లేదు. ఆమె ఒక్కదానితోనే లెక్క ముగిసింది, బాధ అదే.

మిగిలింది, పనిలో పెట్టిన సంస్థ. నా మొగ్గు ఇటే. ఎందుకో, రేషన్ కార్డున్నవాళ్లలో కారున్నవాళ్లను ఏరడానికి కంప్యూటర్ చేసే పేర్ల పోలికను దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. సమ్మక్క సారలమ్మల పేర్లు పెట్టుకునే ఈ ప్రాంతంలో ఒక్క ఊళ్లోనే ముగ్గురు నలుగురు సమ్మయ్యలు, సారయ్యలు కనిపిస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, బండి ఆర్సీలో దాని మొదటి అక్షరమే ఉండొచ్చు. కొమురయ్య పేరుకు ఒక్కో ఆఫీసులో ఒక్కో ఇంగ్లీషు స్పెల్లింగు. కంప్యూటర్ ఈ రికార్డులను పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మనిషివని ఎంతవరకు నమ్మొచ్చో మార్కు వేస్తుంది. "ఈ సమ్మయ్యకు కారుంది" అని అది చెప్పదు, నూటికి 82 అంటుంది. 80 దాటితే కార్డు ఆపండి అన్నది మనిషి.

ఆ గీతను 95కు జరిపితే కారున్నవాళ్లు కొందరు తప్పించుకుంటారు. 75కు దింపితే సైకిల్ కూడా లేనివాళ్లు బలవుతారు. ఏ తప్పును భరిద్దామన్నది అక్కడే తేలిపోతుంది, అందులో యంత్రానికి పాత్ర లేదు. గీత దాటాక ఏం చేయాలన్నది ఇంకా పెద్ద నిర్ణయం. ముందు నోటీసిచ్చి, ఇంటికెళ్లి చూసి, తర్వాత ఆపడం ఒక పద్ధతి. ముందు ఆపేసి, నీకు కారు లేదని నువ్వే నిరూపించుకో అనడం ఇంకో పద్ధతి. పది లక్షల కార్డుల్లో నూటికి ఒక్కటి తప్పుపోయినా పదివేల ఇళ్లలో బియ్యం ఆగుతాయి. ఈ రెండు నిర్ణయాలూ సాధారణంగా సంస్థవే, తయారీదారువి కావు, ఆపరేటర్‌వి అసలే కావు. మార్చాలంటే ఒక్క ఆర్డరుతో మార్చగలిగేది కూడా సంస్థే.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. తెలంగాణలో వేర్వేరు శాఖల రికార్డులను కలిపి చూసే "సమగ్ర వేదిక" ఉంది. కంప్యూటర్ వడపోతతో, నోటీసు లేకుండా రేషన్ కార్డులు తీసేశారన్న పిటిషన్‌పై, సుమారు 19 లక్షల రద్దు కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో రాష్ట్రాన్ని ఆదేశించింది. కోర్టు ప్రశ్న సాఫ్ట్‌వేర్‌కు పోలేదు, ప్రభుత్వానికే పోయింది. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 11 కూడా ఈ దారిలోనే ఉంది: ఒకరి తరఫున దానంతటదే పనిచేసేలా ప్రోగ్రామ్ చేసిన వ్యవస్థ పంపిన ఎలక్ట్రానిక్ రికార్డు ఆ వ్యక్తి పంపినట్టే లెక్క. సంస్థ ముందు నష్టం పూడ్చాలి. లోపం మోడల్‌దైతే కంపెనీ నుంచి తర్వాత వసూలు చేసుకోవాలి. కంపెనీతో చేసుకున్న ఒప్పందం చదివే వకీలు సంస్థ దగ్గర ఉంటాడు, సమ్మయ్య దగ్గర ఉండడు.

"మా దగ్గర మనిషి చూశాకే నిర్ణయం" అని సంస్థలు తప్పించుకోబోతాయి. అక్కడ లెక్క అడగాలి. ఆరు గంటల్లో 180 ఫైళ్లు చూడాల్సిన ఉద్యోగికి ఒక్కో ఫైలుకు రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో అతనికి మార్కు ఒక్కటే కనిపిస్తుందా, ఏ రికార్డుతో పోల్చారో కూడా కనిపిస్తుందా? యంత్రం మాట కాదనే అధికారం ఉందా? కాదంటే పైనుంచి మెమో వస్తుందా? చాలా చోట్ల, ఒప్పుకుంటే ఒక క్లిక్, కాదంటే అరపేజీ వివరణ రాయాలన్నట్టు తెర తయారవుతుంది. అలాంటి చోట మనిషి చూపు పేరుకే. ఏ తేదీన, ఏ వెర్షన్, ఏ రికార్డులు చూసి, ఎంత మార్కు వేసింది, ఎవరు ఆమోదించారు అన్న లాగ్ (కంప్యూటర్‌లోని నమోదు) అప్పీలు గడువు ముగిసేదాకా ఉండకపోతే తర్వాత విచారణకు ఏమీ మిగలదు.

ఇన్సూరెన్స్ నిధి పెట్టి అందరి తరఫున చెల్లిద్దామనే ప్రతిపాదనా ఉంది. డబ్బు నష్టానికి పనికొస్తుంది, ఆగిన కార్డును తెరిపించదు.

సంస్థను అడిగే దారి మాత్రం సేవ ఏదన్నదాన్ని బట్టి మారుతుంది. డబ్బు కట్టి తీసుకున్న సేవైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లొచ్చు. బ్యాంకైతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఉచిత ప్రభుత్వ పథకమైతే వినియోగదారుల చట్టం సాధారణంగా పనికిరాదు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, దాంతోపాటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. నిర్ణయానికి కారణాలను బాధితుడికి చెప్పాలని సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(డి) అంటుంది, ఆ సెక్షన్ పేరెత్తి రాయండి. "నా కార్డు ఎందుకు పోయింది" అని ఒక్క ముక్క రాస్తే "అనర్హులు" అని ఒక్క ముక్కే వస్తుంది. ఏ రికార్డుతో నా పేరు కలిసింది, ఆ బండి నంబరు లేదా సర్వే నంబరు ఏది, కార్డు ఆపే గీత ఎంత, దాన్ని ఖరారు చేసిన ఉత్తర్వు నంబరు, సంతకం పెట్టిన అధికారి హోదా ఏమిటి అని విడివిడిగా అడగండి.