ఫెజ్ నగరంలో బస: మదీనాలోని రియాదా, కొత్త పట్టణంలోని హోటలా?

మొరాకోలోని ఫెజ్‌కు వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసినది బస సంగతి. రియాద్ అంటే మన మండువా లోగిలిని పోలిన పాత ఇల్లు. ఆకాశానికి తెరిచిన ముంగిలి, నడుమ నీటి తొట్టి, చుట్టూ జెల్లీజ్ అనే రంగురంగుల మెరుగు పలకలు పొదిగిన గోడలు ఉంటాయి. 1981లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన మదీనాలోనే, అంటే కోటగోడల నడుమనున్న పాత నగరంలోనే బస చేస్తే, 14వ శతాబ్దపు బూ ఇనానియా మద్రసాకూ, తోళ్లు పదునుచేసే చువారా తొట్ల దగ్గరకూ జనం పోగవకముందే నడిచి వెళ్లవచ్చు; నా దృష్టిలో దీనికి సాటివచ్చే సౌకర్యం మరొకటి లేదు.

శ్రమ: మదీనా సందుల్లోకి కార్లు రావు కనుక కోట ద్వారం వద్ద దిగి, సామాను తోపుడుబండిపై వేయించుకోవాలి, రియాద్ మెట్లు తరచుగా ఇరుకు, నిటారు. ఫ్రెంచివారి ఏలుబడిలో వెలసిన కొత్త పట్టణంలో టాక్సీ గుమ్మం దాకా వస్తుంది, రైల్వే స్టేషనూ అక్కడే ఉంది.

ఖర్చు: రియాద్ అద్దెలో అల్పాహారం సాధారణంగా కలిసే ఉంటుంది, కొత్త పట్టణంలో రోజూ టాక్సీ ఖర్చు తప్పదు.

ఇబ్బంది: రియాద్ గదుల కిటికీలు ఎక్కువగా ముంగిలి వైపే తెరుచుకుంటాయి కాబట్టి కింది గదుల్లో వెలుతురు తక్కువ, ముంగిట్లోని మాటలన్నీ వినిపిస్తాయి.

నగరాన్ని తీరికగా చూడదలచినవారికి రియాదే తగినది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉన్నా, తెల్లవారుజామునే రైలెక్కవలసి ఉన్నా కొత్త పట్టణమే మేలు.