టీనగర్ లాడ్జి, పాత శాంట్రో, ఒక పచ్చ మరక

లాడ్జి చూసుకునేటప్పుడు ఏసీ ఉందా, వేన్నీళ్లు వస్తాయా అని అడుగుతాం. ఈసారి చెన్నైలో నాకు పనికొచ్చింది మాత్రం సెల్లార్లో వేసిన తెల్ల టైల్స్.

పెళ్లి బట్టలకని నెల్లూరు నుంచి మా 2006 శాంట్రోలో బయల్దేరాం. దాదాపు 175 కిలోమీటర్లు, దారిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. మొదటి రాత్రి ట్రిప్లికేన్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, అద్దె 1,400, పక్కనే టిఫిన్. బండి మాత్రం వీధిలోనే పెట్టుకోవాలి. పొద్దున చూస్తే ఇంజన్ కింద మట్టి తడిసి ఉంది. "ఏసీ నీళ్లులే" అన్నాను. "రాత్రంతా ఆపేసిన ఏసీకి ఇప్పుడు నీళ్లెక్కడివి?" అంది మా ఆవిడ. బానెట్ ఎత్తితే కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం కింది గీత దాటి దిగిపోయింది. ఇంటి దగ్గర నిండుగా చూసి బయల్దేరాను మరి!

దగ్గర్లో ఒక షెడ్డుకు తీసుకెళ్తే, అతను వంగి కూడా చూడలేదు. "రేడియేటర్ పోయింది, 6,500 అవుతుంది" అన్నాడు. ఎక్కడ కారుతోందో చూపించమంటే విసుక్కున్నాడు. అదే రంగు కూలెంట్ కొని, చల్లారిన ఇంజన్లో పోసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం టీనగర్ మారాం. అద్దె 2,200, గది ఇరుకు, లిఫ్టు ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. కానీ సెల్లార్ ఉంది. బండి ఆపగానే కింద మూడు న్యూస్ పేపర్లు పరిచి, ఎక్కడ ఏ పేపరో గుర్తుపెట్టుకున్నాను. వాచ్‌మన్ నన్ను అనుమానంగానే చూశాడు. పొద్దునకి ఎడమ సీటు కిందున్న పేపరు ఎండి ముడతలు పడింది, మరక లేదు. అది ఏసీ నీళ్లే. ముందున్న దాని మీద అరచేతంత మచ్చ, అంచున పచ్చటి గీత. వేలితో రుద్దితే జిగురుగా జారింది, వాసన కాస్త తియ్యగా ఉంది. ఇంజన్ ఆయిల్ అయితే నల్లగా ఉండేది, ఇది కచ్చితంగా కూలెంట్. (రుచి చూసే పని మాత్రం పెట్టుకోకండి, అది విషం.) అంటే రెండు కారడాలు కలిసి నన్ను తికమక పెట్టాయన్నమాట.

సెకండ్ హ్యాండ్ సామాన్లకు పుదుపేట ఉంది గానీ, ఇలాంటిది కొత్తదే వేయించాలని జీపీ రోడ్డు వైపు వెళ్లాం. మెకానిక్ మన తెలుగే మాట్లాడాడు. రేడియేటర్ మూత తీసి, చేతిపంపు లాంటి గేజ్ బిగించి, మూత మీద రాసి ఉన్న 0.9 ఒత్తిడి దాకా గాలి కొట్టాడు. ముల్లు మెల్లగా దిగుతోంది, అంటే ఎక్కడో కారుతోంది. టార్చి వేసి, "రేడియేటర్ బాగుంది సార్. వాటర్ పంపు కారతా ఉంది చూడండి" అన్నాడు. పంపు లోపలి సీల్ అరిగితే తెలియడానికి కంపెనీ వాళ్లే ఒక చిన్న రంధ్రం పెడతారట. అందులోంచి చుక్క పుట్టి, ఇంజన్ పక్కగా పాకి, జానెడు దూరంలో రాలుతోంది. పడే చోటు చూసి కారే చోటు చెప్పకూడదని అప్పుడు అర్థమైంది. పంపు, బెల్టు, కూలెంట్, కూలీ కలిపి 3,400. పాత పంపు చేతిలో పెట్టి మరీ చూపించాడు.

మూడు గంటలు పడుతుందంటే ఆటోలో మైలాపూర్ వెళ్లి పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం చూశాం. 58 రోజుల దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ఆయన కన్నుమూసింది అక్కడే. జిల్లాకే ఆయన పేరున్న ఊరివాళ్లం, ఇన్నాళ్లూ టీనగర్ నుంచే తిరిగి వెళ్లిపోయాం.

మర్నాడు తీరం వెంట వెళ్లే ఈసీఆర్ రోడ్డు మీద మహాబలిపురం వెళ్లొచ్చి, సెల్లార్లో మళ్లీ పేపర్లు పరిచాను. అరగంటకి ముందుది పొడిగా ఉంది, సీటు కిందది తడిసింది. "ఇవి ఏసీ నీళ్లే" అన్నాను. మా ఆవిడ వంగి, వేలితో ముట్టుకుని, వాసన చూసి, అప్పుడు లిఫ్టు వైపు నడిచింది.