హోవర్ ఫ్లై జాతి తేల్చడానికి ఏది మేలు: ఫొటోనా, పిన్ను గుచ్చిన నమూనానా, డీఎన్ఏనా?

హోవర్ ఫ్లై అంటే గాల్లో ఒకేచోట నిలబడి ఎగరగలిగే ఈగ. ‘ఇది ఏ హోవర్ ఫ్లై?’ అని ఫొటో పంపేవాళ్లు ఆ వెంటనే అడిగేది ఒకటే: ఫొటో సరిపోతుందా, పట్టి పిన్ను గుచ్చాలా, డీఎన్ఏ పరీక్ష చేయించాలా? నా మొగ్గు ఫొటో వైపే. కాకపోతే ఎక్కువమంది తీసే ఫొటో పనికిరాదు.

అందరూ పైనుంచి పొట్ట మీది చారలే తీస్తారు. ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అనే జాతి అయితే అదే చాలు. పొట్టలోని మూడు, నాలుగు భాగాల్లో వెనక అంచున లావు నల్ల పట్టీ, దానికి ముందు మీసకట్టులాంటి సన్న గీత కనిపిస్తే ఇక పెద్దగా అనుమానం అక్కర్లేదు. మిగతావాటిలో చాలావరకు చారల్ని నమ్మితే బోల్తా పడతాం. ప్యూపా దశ చలిలో గడిస్తే చాలా జాతుల్లో నలుపు పెరుగుతుంది, వెచ్చగా గడిస్తే పసుపు పెరుగుతుంది. జాతి మాత్రం అదే.

నన్నడిగితే అసలు చూడాల్సింది రెక్క. దాని మధ్యలో ఏ ఈనెతోనూ సరిగ్గా కలవకుండా, ముడతలా సాగే దొంగ ఈనె ఒకటి ఉంటుంది. అది కనిపిస్తే హోవర్ ఫ్లైల కుటుంబమైన సిర్ఫిడే అని తేలినట్టే. రెక్క కొసవైపు వెళ్లే పొడవాటి ఈనె మధ్యలో లోతుగా కిందికి వంగిందా? అయితే ముందు ఎరిస్టాలిస్ అనే ప్రజాతినీ (దగ్గరి జాతుల గుంపు) దాని బంధువుల్నీ చూడండి. తర్వాత కళ్లు: వాటి మీద నిలువుగా ముదురు వెంట్రుకల పట్టీలుండి, వెనక కాలు వంకరగా, లావుగా ఉంటే 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన ఎరిస్టాలిస్ టెనాక్స్. ఇవన్నీ పైనుంచి తీసిన ఒక్క ఫొటోలో పడవు. పక్క నుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, రెక్క విప్పినప్పుడు ఒకటి తీయండి. కెమెరా ఖరీదుతో పనిలేదు.

ఫొటో చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. స్ఫేరోఫోరియా అనే ప్రజాతిలో మగవాటి జననాంగాల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప చాలావరకు జాతి తేలదు. అక్కడ నమూనాకే నా ఓటు. అయితే ఈగ మెత్తగా ఉన్నప్పుడే సన్న పిన్నుతో ఆ భాగాన్ని బయటికి లాగి ఉంచాలి. ఎండిపోయాక లాగితే విరుగుతుంది.

డీఎన్ఏ బార్‌కోడ్ వినడానికి బాగుంటుంది. సీఓఐ అనే జన్యువులో డీఎన్ఏ సుమారు 658 అక్షరాల ముక్కను చదివి డేటాబేస్‌తో పోలుస్తారు. ఆ డేటాబేస్‌లోని నమూనాకు పేరు పెట్టింది కూడా రెక్కా, కాలూ చూసిన మనిషే కదా! పైగా కొన్ని దగ్గరి జాతులకు బార్‌కోడ్ ఒకటే వస్తుంది. లార్వా దొరికినప్పుడు మాత్రం ఇది బాగా అక్కరకొస్తుంది.

ఫోన్ యాప్‌లా? ప్రజాతి వరకు వినండి, చాలు.

వల విసిరే ముందు ఫొటోని ఒకసారి జూమ్ చేసి చూసుకోండి. స్ఫేరోఫోరియాలో రెండు కళ్లూ నడినెత్తిన కలిస్తే మగది, పట్టుకుంటే ప్రయోజనం ఉంటుంది. మధ్యలో ఎడం ఉంటే ఆడది. మైక్రోస్కోప్ కిందా చాలావరకు తేలదు కాబట్టి, ప్రజాతి పేరు రాసుకుని వదిలేయండి.