వరల్డ్ విజన్ పిల్లల స్పాన్సర్‌షిప్: డబ్బు చేరేది ఊరికి

ఆఫ్రికా పల్లెల్లో ఒక పాపనో బాబునో స్పాన్సర్ చేయాలనుకునే అమెరికా తెలుగువాళ్లకు ముందుగా కనపడే పేర్లలో వరల్డ్ విజన్ ఒకటి. నెలకు సుమారు 40 డాలర్లు. ఇది క్రైస్తవ సంస్థ, ఆ సంగతి తెలిసే చేరండి. ఫొటోలోని పాప చేతికి మాత్రం ఈ డబ్బు అందదు. ఆ ప్రాంతపు స్పాన్సర్లందరి చందా కలిపి నీళ్లకు, బడికి, ఆరోగ్యానికి, పొదుపు సంఘాలకు ఖర్చు పెడతారు. స్పాన్సర్ దొరకని పిల్లలూ అదే బోరు నీళ్లు తాగుతారు. ఇదే సరైన పద్ధతి. ఒక్క ఇంటికే డబ్బిస్తే ఊళ్లో కక్షలు మొదలవుతాయి.

మాకు బాగా నచ్చింది, ఒకచోట 10 నుంచి 15 ఏళ్లు ఉండి పనిచేయడం. చాలా గ్రాంట్లు రెండు మూడేళ్లకే అయిపోతాయి. నెలనెలా చందా వస్తుంది కాబట్టే వీళ్లు అంతకాలం ఉండగలుగుతున్నారు.

చేతిపంపు దగ్గర ఆ తేడా తెలిసిపోతుంది. అక్కడ ఎక్కువగా కనిపించే ఆఫ్రిడెవ్ పంపు సుమారు 300 మందికి, 45 మీటర్ల లోతు వరకు సరిపోతుంది. ఒక్క స్పానర్‌తో ఊరివాళ్లే విప్పుకోవచ్చు. తరచూ అరిగేవి పిస్టన్ సీలు, అడుగు కవాటం (ఫుట్ వాల్వు) రబ్బరు రింగు, హ్యాండిల్ దగ్గరి ప్లాస్టిక్ బేరింగులు. అన్నీ చవక సామాన్లే. అయినా పంపులు మూలనపడుతుంటాయి. నీటి కమిటీ వసూళ్లు మానేస్తుంది, లేదా విడిభాగాలమ్మే కొట్టు దరిదాపుల్లో ఉండదు. బోరు వేసి వెళ్లిపోయేవాళ్లకు ఆ బాధ ఉండదు. పదేళ్లు ఉండాల్సినవాళ్లు కమిటీని నిలబెట్టక తప్పదు.

పొదుపు సంఘాలు డ్వాక్రా ఎరిగినవాళ్లకు కొత్తేమీ కాదు, కాకపోతే వెనక బ్యాంకు ఉండదు. 1991లో నైజర్‌లో కేర్ అనే సహాయ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 15 నుంచి 25 మంది సభ్యులు, మూడు తాళాల ఇనపపెట్టె. పెట్టె ఒకరింట్లో, తాళంచెవులు వేరే ముగ్గురి దగ్గర. సమావేశానికి 1 నుంచి 5 వాటాలు కొంటారు, వాటాకో ముద్ర పాస్‌బుక్కులో పడుతుంది. చదువురానివాళ్లూ తమ లెక్క చూసుకోగలరు. ఏడాది చివర, సభ్యులు తీసుకున్న అప్పుల మీద వచ్చిన వడ్డీతో సహా పంచుకుంటారు. ఆ పంపకం విత్తనాలు కొనే వేళకో, బడి ఫీజుల వేళకో వచ్చేలా పెట్టుకోవాలి.

పిల్లల చదువు మీద గట్టి రుజువు మాత్రం మరో స్పాన్సర్‌షిప్ సంస్థది. కంపాషన్ ఇంటర్నేషనల్ మీద ఉగాండా, కెన్యా, ఇండియా సహా ఆరు దేశాల్లో జరిపిన అధ్యయనం 2013లో వచ్చింది. స్పాన్సర్ ఉన్న పిల్లలు 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారు. అక్కడ సాయం స్థానిక చర్చి కేంద్రం ద్వారా నేరుగా పిల్లలకే అందుతుంది కాబట్టి, ఆ అంకెను వరల్డ్ విజన్‌కు అంటగట్టకూడదు.

చేరేముందు మూడు విషయాలు అడగండి: ఆ ప్రాంతంలో పని ఏ ఏడాది మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, వేసిన పంపుల్లో ఇవాళ ఎన్ని నీళ్లిస్తున్నాయి. పని మొదలై పన్నెండేళ్లయిన చోట నాలుగేళ్ల పాపను ఎంచుకుంటే మూడేళ్లకే బంధం తెగుతుంది, మరో ఊరి బిడ్డ ఫొటో వస్తుంది. కుటుంబం వలసపోయినా అంతే.

ఉత్తరాలు అనువాదమై వెళ్లాలి కాబట్టి జవాబుకు నెలలు పడుతుంది. ఒక పేజీ లోపల, చిన్న వాక్యాల్లో రాయండి. పంట, బడి, వాన గురించి అడగండి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ‘వచ్చి చూస్తాం’ అనే మాట రాయొద్దు.