తట్టు సోకిన ఇంటికి ఆరోగ్య శాఖ సేవ: మా అనుభవం

మా అబ్బాయికి తట్టు అని అనుమానించి వైద్యుడు కబురు పంపిన మర్నాడే స్థానిక ఆరోగ్య శాఖ ఉద్యోగిని ఇంటికి వచ్చి, దద్దుర్లు పొడసూపడానికి 4 రోజుల ముందు నుంచి వాడు ఎక్కడెక్కడికి వెళ్ళాడో, ఎవరి పక్కన కూర్చున్నాడో క్యాలెండరు మీద వేలు పెట్టి ఒక్కో తేదీ చూపిస్తూ ఓపికగా రాసుకున్నారు. దద్దుర్లు రాకముందే ఇది అంటుకుంటుంది కనుక ఆ ప్రశ్నలేవీ అనవసరమైనవి కావు. వాడిని కలిసి 72 గంటలు దాటని, టీకా పడని పిల్లలకు వెంటనే టీకా వేయించారు. ఆ పిల్లల్లో తట్టు లక్షణాలు కనిపిస్తాయేమో 21 రోజులు కనిపెట్టుకుని ఉండమని వాళ్ళ పెద్దలకు చెప్పారు. వాడి పేరు మాత్రం ఎక్కడా బయటపెట్టలేదు, అది నాకెంతో ఊరట. రక్త పరీక్ష ఫలితం కోసమే మూడుసార్లు ఫోన్ చేయవలసి వచ్చింది. ఆ బాధ్యత ఒకరికి అప్పగించి ఉండవలసింది.